అయిదేళ్ల అమ్మాయికి, మూడున్నరేళ్ల అబ్బాయికి థీమ్ పార్కులో స్ట్రోలర్ ఇంకా అవసరమా?

ప్రశ్న: మాగుంట లేఅవుట్ నాన్న, నెల్లూరు

అందరికీ నమస్కారం. వచ్చే వేసవి సెలవుల్లో నేను, నా భార్య, పిల్లలిద్దరు, మా అమ్మ కలిసి చెన్నై మీదుగా సింగపూర్ వెళ్లాలనుకుంటున్నాము. ఒక రోజు పూర్తిగా సెంటోసా దీవిలోని యూనివర్సల్ స్టూడియోస్ థీమ్ పార్కుకు, మరొక రోజు జంతుప్రదర్శనశాలకు, ఒక సాయంత్రం గార్డెన్స్ బై ది బేకు కేటాయించాము. అమ్మాయికి అయిదేళ్లు నిండాయి, ఎత్తు 108 సెంటీమీటర్లు, బరువు 17 కిలోలు. అబ్బాయికి మూడున్నరేళ్లు, ఎత్తు 98 సెంటీమీటర్లు, బరువు పద్నాలుగున్నర కిలోలు. టికెట్లు, హోటలు అన్నీ తేలాయి గానీ, స్ట్రోలర్ (పిల్లలను కూర్చోబెట్టి తోసే చక్రాల బండి) తీసుకువెళ్లాలా వద్దా అన్నది మాత్రం ఇంట్లో తేలడం లేదు.

మా పాత స్ట్రోలర్‌ను అబ్బాయికి రెండేళ్లు నిండగానే అటక మీద పెట్టేశాము. నెల్లూరులో దానితో పెద్దగా పని పడలేదు. ట్రంకురోడ్డులో దాన్ని పది గజాలు తోయడం కన్నా పిల్లవాడిని చంకనేసుకోవడమే తేలిక, దూరమైతే ఆటో ఉండనే ఉంది. మా అమ్మ దాన్ని తోపుడుబండి అంటుంది, ఆ దేశంలో కూరగాయలు అమ్మబోతున్నారా అని నవ్వుతుంది.

నా భార్య మాత్రం గత ఏడాది చెన్నై దగ్గర ఒక పార్కులో మాకు జరిగింది మరచిపోలేదు. మధ్యాహ్నం మూడు గంటలకు అబ్బాయి నా భుజం మీద నిద్రపోయాడు, అమ్మాయి కాళ్లు నొప్పులంటూ నేల మీద చతికిలబడింది. గేటు దగ్గర అద్దెకు తెచ్చిన స్ట్రోలర్ ముందు చక్రం ఒకటి బిగుసుకుపోయి, మనం ఎటు తోసినా ఎడమకే తిరిగేది. దాన్ని తిరిగి ఇచ్చేసి సాయంత్రం ఆరు వరకు అబ్బాయిని మోశాను, ఆ రాత్రి నెల్లూరు వరకు కారు నడుపుతుంటే ఎడమ చెయ్యి గేరు మార్చడానికి సహకరించలేదంటే నమ్మండి.

నా సందేహమేమిటంటే, ఈ వయసుకు పిల్లలు బాగానే నడుస్తారు కదా. చక్కగా నడిచే పిల్లలను బండిలో కూర్చోబెడితే అలవాటు చెడదా? తీసుకువెళితే ఇద్దరికీ ఒకటి చాలుతుందా?

జవాబు: కావలి అమ్మ

అన్నా, నడవగలరా అన్న మాట దగ్గరే మేము కూడా మొదట పొరబడ్డాము. మా పాపకు అప్పుడు నాలుగేళ్లు, మేడ మెట్లు రోజుకు ఇరవై సార్లు ఎక్కి దిగే పిల్ల. కానీ పార్కులో పిల్లల కాళ్లను పీకేది నడక కాదు, నిలబడడం. రద్దీ రోజున ఒక్కొక్క రైడ్‌కు ముప్పావు గంట, ఒక్కొక్కసారి అంతకన్నా ఎక్కువ, వరుసలో నిలబడవలసి వస్తుంది. ఆ వరుసలోకి స్ట్రోలర్‌ను రానివ్వరు, బయట దానికి కేటాయించిన చోట నిలిపి వెళ్లాలి. అంటే, బండి ఉన్నా లేకపోయినా పిల్లలు నిలబడవలసినంతసేపు నిలబడక తప్పదు. మిగతా సమయంలో, అంటే ఒక రైడ్ నుంచి మరొక రైడ్‌కు పోయేటప్పుడు, భోజనం తరువాత, సాయంత్రం హోటలుకు తిరిగి వచ్చేటప్పుడు, ఆ కాళ్లకు విశ్రాంతి ఇవ్వడమే దాని పని. మేము తీసుకువెళ్లలేదు. పార్కులో ఎలాగో నెట్టుకొచ్చాము గానీ, గేటు దాటి బయటికి వచ్చాక రైలు స్టేషను వరకు, దిగిన చోటి నుంచి గది వరకు మా ఆయన పాపను మోసిన ఆ అరగంటలోనే మా ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి.

యూనివర్సల్ నిజానికి పెద్ద పార్కేమీ కాదు, మొత్తం సుమారు 20 హెక్టార్లు, మధ్యలో ఒక కొలను, దాని చుట్టూ విభాగాలు. మన వాళ్లు తోటలని పేరు విని తేలికగా తీసుకునే గార్డెన్స్ బై ది బే 101 హెక్టార్లు ఉంటుంది, అక్కడే ఎక్కువ నడుస్తారు. పైగా అక్కడికి మీరు సాయంత్రం, పిల్లలు అప్పటికే అలిసిపోయాక వెళుతున్నారు.

మీరు పిల్లల ఎత్తులు రాయడం మంచిదయింది. యూనివర్సల్‌లోని ట్రాన్స్‌ఫార్మర్స్ రైడ్‌కు కనీసం 102 సెంటీమీటర్లు ఉండాలి, కాబట్టి మీ అమ్మాయి ఎక్కవచ్చు, అబ్బాయికి నాలుగు సెంటీమీటర్లు తక్కువ. అలాంటి చోట తల్లిదండ్రుల్లో ఒకరు లోపలికి వెళ్లివచ్చాక రెండవవారు మళ్లీ మొదటి నుంచి వరుసలో నిలబడకుండా వెళ్లే ఏర్పాటు ఉంటుంది, అక్కడి సిబ్బందిని ముందే అడగండి. ఈలోగా అబ్బాయి బయట ఎవరితోనైనా వేచి ఉండాలి కదా, వాడు కూర్చోవడానికి, వీలైతే నిద్రపోవడానికి ఒక చోటు ఉంటే ఆ సమయం వృథా కాదు. అక్కడే కనోపీ ఫ్లయర్ అనే మరో రైడ్‌కు 92 సెంటీమీటర్లు చాలు కాబట్టి దానికి ఇద్దరూ కలిసే వెళ్లవచ్చు.

ప్రయాణంలో దానితో ఇబ్బంది పడతామన్న భయం వద్దు. అక్కడి మెట్రో రైలులో స్ట్రోలర్‌ను మడవకుండానే ఎక్కించవచ్చు, 2017 ఏప్రిల్ నుంచి సిటీ బస్సుల్లో కూడా అంతే. వాన సంగతి మాత్రం గుర్తుంచుకోండి. భూమధ్యరేఖకు దగ్గర కాబట్టి మధ్యాహ్నం ఉన్నట్టుండి కుండపోతగా కురుస్తుంది, బయట నిలిపిన స్ట్రోలర్ సీటు తడిసి ముద్దవుతుంది. వాన కవరు లేకపోతే ఒక పెద్ద ప్లాస్టిక్ సంచి అయినా దగ్గర ఉంచుకోండి.

జవాబు: కందుకూరు మాస్టారు

నేను పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడిని, విదేశీ పార్కులు చూడలేదు, కాబట్టి నా మాటను ఆ మేరకే తీసుకోండి. మా మనవడు నాలుగేళ్ల వయసులో రొట్టెల పండుగకు వచ్చినప్పుడు, వాహనాలు ఆపేసిన చోటి నుంచి స్వర్ణాల చెరువు వరకు ఆ జనసముద్రంలో నా వేలు పట్టుకుని నడిచాడు, తిరిగి కూడా నడిచాడు. పిల్లలు మనం అనుకునేదానికన్నా గట్టివాళ్లు. ఇప్పటికే బడికి వ్యాను, సందు చివరి అంగడికి స్కూటరు అయింది, ఇక విహారయాత్రలో కూడా బండేనా? పిల్లవాడు అలిసిపోతే మనం ఆగాలి, ఒక చెట్టు కింద కూర్చోవాలి, ఆ రోజుకు రెండు వినోదాలు తగ్గించుకోవాలి. అంత డబ్బు పోశాము కాబట్టి అన్నీ చూసి తీరాలన్న పెద్దల ఆత్రమే ఈ ప్రశ్నకు మూలమని నా అనుమానం.

జవాబు: ఒంగోలు – ఓర్లాండో – ఒంగోలు

మాస్టారు గారూ, మీ చివరి వాక్యాన్ని నేను ఒప్పుకుంటున్నాను. మేము ఫ్లోరిడాలో ఆరేళ్లు ఉన్నప్పుడు ఇండియా నుంచి వచ్చిన బంధువులను డిస్నీ వరల్డ్‌కు తీసుకువెళ్లడమే మా ప్రధాన వృత్తి అయిపోయింది, ఉదయం తొమ్మిదికి గేటు తెరిచినప్పటి నుంచి రాత్రి బాణసంచా వరకు పిల్లలను లాక్కుంటూ తిరిగిన పెద్దలను చాలామందిని చూశాను. బండిలోనే కట్టేసి ఉంచకూడదన్నది కూడా నిజమే. అయిదేళ్ల లోపు పిల్లలను ఒక్కసారికి గంటకు మించి స్ట్రోలర్‌లో బిగించి ఉంచవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, మూడు, నాలుగేళ్ల పిల్లలు రోజుకు మూడు గంటలు ఏదో ఒక రకంగా ఒళ్లు కదపాలని కూడా అందులోనే ఉంది. అయితే పార్కులో గడిపే రోజున ఆ మూడు గంటలు మధ్యాహ్న భోజనానికి ముందే పూర్తవుతాయి. డిస్నీ వరల్డ్‌లోని ఎప్కాట్ పార్కులో వివిధ దేశాల మంటపాలున్న కొలను చుట్టూ ఒక్క ప్రదక్షిణ చేస్తేనే దాదాపు రెండు కిలోమీటర్లు, అదీ ఆ పార్కులో సగమే. అక్కడ ఆరేడేళ్ల పిల్లలు స్ట్రోలర్‌లో కూర్చున్నా ఎవరూ వింతగా చూడరు. స్వర్ణాల చెరువు దగ్గర మీ మనవడు నడిచిన దూరం తక్కువని అనను, కానీ వాడు రొట్టె పట్టుకుని, కొత్త వింతలు చూస్తూ, రెండు మూడు గంటల్లో ఇల్లు చేరి ఉంటాడు. ఇక్కడ పదకొండు గంటలు.

ఇక ప్రశ్న అడిగిన అన్నకు. వయసును బట్టి కాకుండా పగటి నిద్రను బట్టి నిర్ణయించుకోండి. అబ్బాయి ఇంకా మధ్యాహ్నం పడుకుంటున్నట్లయితే వాడికి ఒకటి కావలసిందే, ఎందుకంటే నిద్రపోతున్న పద్నాలుగున్నర కిలోలు మెలకువగా ఉన్న పద్నాలుగున్నర కిలోల కన్నా ఎంత బరువో మీ చేతులకు ఇప్పటికే తెలుసు. అమ్మాయికి విడిగా అక్కరలేదు, ఇద్దరూ వంతులవారీగా వాడుకుంటారు, ఆ వంతుల గురించి పోట్లాడుకుంటారు కూడా. మడిస్తే చిన్న సూట్‌కేసంత అయ్యే తేలికైనది తీసుకోండి. కొనే ముందు సీటు కింద అంటించిన చీటీలో ఎంత బరువు మోస్తుందో చూడండి, చాలా స్ట్రోలర్లు 15 కిలోల వరకే, కొన్ని 22 వరకు. మీ అటక మీద ఉన్నది 15 రకమైతే అమ్మాయిని అందులో కూర్చోబెట్టకండి.

ఎప్పుడైనా అమెరికా వెళ్లేవాళ్లకు ఒక మాట. డిస్నీ పార్కుల్లో 2019 మే 1 నుంచి 31 అంగుళాల వెడల్పు, 52 అంగుళాల పొడవు దాటిన స్ట్రోలర్లను, లాక్కెళ్లే వ్యాగన్లను అనుమతించడం లేదు. ఇద్దరు పిల్లలకని పెద్దది కొనేవాళ్లు టేపు పెట్టి కొలుచుకోవాలి.

అన్ని పార్కుల్లోనూ జరిగేది మరొకటి. మీరు నిలిపిన చోట అది ఉండదు. వరుసలు సర్దడానికి సిబ్బంది వాటిని జరుపుతూ ఉంటారు, రైడ్ దిగి వచ్చేసరికి ఒకే నల్లరంగు బండ్లు వందో రెండు వందలో కనిపిస్తాయి. మా అమ్మ వెంకటగిరి చీర పాతదొకటి చింపి, దాని జరీ అంచును మా స్ట్రోలర్ పిడికి కట్టింది, ఆ ఎర్ర అంచు మెరిసిన చోటికి నేరుగా వెళ్లేవాళ్లం. డబ్బు, పాస్‌పోర్టులు మాత్రం ఎప్పుడూ అందులో వదలకండి. పిడికి బరువైన సంచులు కూడా తగిలించకండి. మా వాడు ఒకసారి కూర్చున్నవాడు కూర్చున్నట్టే ముందుకు దూకేశాడు, వాడి బరువు తప్పుకోగానే వెనుక సంచుల బరువుకు బండి వెల్లకిలా పడింది. వాడికేమీ కాలేదు గానీ పెరుగన్నం డబ్బా మూత ఊడి, అన్నం అంతా అక్కడి బాతులకు నైవేద్యమైంది. ఎండగా ఉందని స్ట్రోలర్ మొత్తం మీద చీరో తువాలో కప్పేయడం కూడా మనవాళ్లు చేసే పొరపాటు, లోపల గాలి ఆడక వేడి పెరిగిపోతుంది.

చివరగా, వెళ్లే ముందు ఇక్కడే ఒక ఆదివారం పరీక్షించుకోండి. ఉదయం తొమ్మిదిన్నరకు బయలుదేరి, బండి ఎక్కకుండా, ఎత్తుకోకుండా, చీకటి పడేదాకా ఊళ్లో తిరగండి. ఎవరు ఎప్పుడు కూలబడతారో తెలిసిపోతుంది.

జవాబు: దర్శి బాబాయ్

అద్దె విషయం ఎవరూ రాయలేదు కాబట్టి రాస్తున్నాను. యూనివర్సల్ గేటు దగ్గర అద్దెకు దొరుకుతాయి గానీ ఆ స్ట్రోలర్ పార్కు వరకే, హోటలు వరకు రాదు. కావలి అమ్మాయి చెప్పిన ఆ చివరి అరగంటకు అది పనికిరాదు. చాంగీ విమానాశ్రయంలో ఉచితంగా ఇచ్చేవి కూడా అక్కడ తిరగడానికే. ప్రయాణం మొత్తానికి సొంతది ఉండడమే మేలు.

మళ్లీ మాగుంట లేఅవుట్ నాన్న, నెల్లూరు

ఒంగోలు అక్క చెప్పిన పరీక్ష నిన్న పెట్టాము. ఉదయం రంగనాథస్వామి గుడి, అక్కడి నుంచి పెన్న ఒడ్డు, ఎండ ముదిరాక ట్రంకురోడ్డులో బట్టల దుకాణాలు, భోజనం, మళ్లీ దుకాణాలు. అబ్బాయి ఒంటిగంట యాభైకి బిల్లు కౌంటరు దగ్గర వరుసలో, నిలబడే, నా మోకాలికి తల ఆనించి నిద్రపోయాడు. ఎత్తుకోకూడదన్న నియమం అక్కడే పోయింది. అమ్మాయి నాలుగున్నర దాకా నన్ను ఆశ్చర్యపరిచింది. ఆ తరువాత ఒక చెప్పుల దుకాణం మెట్టు మీద కూర్చుని, ఎవరు ఏమి కొనిపెడతామన్నా లేవలేదు.

మేము చూడవలసింది చూడలేదన్న సంగతి ఇంటికి వచ్చాక తెలిసింది. మా అమ్మకు 64 ఏళ్లు, మోకాళ్ల నొప్పులున్నాయి, పొద్దుటి నుంచి ఒక్క మాట అనలేదు. రాత్రి కాళ్లకు నూనె రాసుకుంటూ, ఆ తోపుడుబండి నేను తోస్తాను లేరా, పట్టుకోవడానికి ఒక ఊత ఉంటుంది అంది. ఖాళీ స్ట్రోలర్ మీద బరువు మోపితే అది జారిపోతుందని ఆమెకు చెప్పాను. ఆమె కోసం పార్కులో వీల్‌చైర్ అద్దెకు తీసుకోవాలన్నది ఇప్పుడు మా ఇంట్లో కొత్త చర్చ, ఆమె ఇంకా ఒప్పుకోలేదు.

మాస్టారు గారూ, మీ మాట కూడా పాటిస్తున్నాము. జంతుప్రదర్శనశాలను, గార్డెన్స్‌ను ఒకే రోజున పెట్టుకున్న మొదటి పథకాన్ని విడదీసి, మధ్యలో ఒక రోజు ఖాళీగా ఉంచాము.

అటక మీది స్ట్రోలర్‌ను దించి చూస్తే సీటు కింద 15 కిలోలనే ఉంది, పైగా ఒక చక్రాన్ని ఎలుకలు కొరికాయి. 22 కిలోల రకం కొనాలనుకుంటున్నాము.

జవాబు: కావలి అమ్మ

కొనకండి అన్నా. ఆ ప్రయాణం నుంచి తిరిగి రాగానే పంతం కొద్దీ మేము ఒకటి కొన్నాము, 22 కిలోలదే, మూడు సార్లు కూడా వాడలేదు. పాపకు ఇప్పుడు ఆరేళ్లు దాటాయి, అది మంచం కింద ఉంది. ఇక్కడి సందేశాల పెట్టెలో నాకు రాయండి, ఒక ఆదివారం పిల్లలతో వచ్చి కూర్చోబెట్టి చూసుకుని తీసుకువెళ్లండి. వాన కవరు కూడా ఉంది, దాని ఒక గుండీ మాత్రం ఊడిపోయింది.