పంది పేగులో లాసోనియా నిర్ధారణకు వెండి రంజనం చాలునా?

ప్రశ్న: ఎదిగే వయసు పందుల్లో గోడ దళసరెక్కిన ఇలియం (చిన్నపేగు చివరి భాగం) ముక్కలను మామూలు రంజనమైన హిమటాక్సిలిన్-ఇయోసిన్‌తో చూస్తే క్రిప్టు (పేగు లోపొరలోని సన్నని గుంతల) కణాలు విపరీతంగా పెరిగినట్టు తెలుస్తోంది గాని, బాక్టీరియా మాత్రం కనిపించడం లేదండి. పేగు కణాల లోపల పెరిగే లాసోనియా ఇంట్రాసెల్యులారిస్ బాక్టీరియాయే అని తేల్చడానికి వార్థిన్-స్టారీ అనే వెండి రంజన పద్ధతి సరిపోతుందా?

జవాబు 1: మామూలు రంజనంలో అది కనిపించదండి. వార్థిన్-స్టారీలో క్రిప్టు కణాల పైకొన వైపు సైటోప్లాజంలో వంకర తిరిగిన సన్నని నల్లటి కడ్డీలుగా తేలుతుంది. అయితే వెండి ఇతర బాక్టీరియాకూ అంటుతుంది కనుక, క్రిప్టు కుహరంలోని బ్రాకీస్పైరా అనే మరో బాక్టీరియాను చూసి పొరబడకండి. కణం లోపల ఉందా, బయట ఉందా అన్నదే కీలకం. గాజుసామాను శుభ్రత చూసుకోండి, లేకుంటే స్లైడు నిండా నల్లటి మరకలే!

జవాబు 2: కుళ్లు మొదలైన కణజాలానికి ఇమ్యునోహిస్టోకెమిస్ట్రీయే మేలు. దానిలో ప్రతిరక్షకాలు లాసోనియా యాంటిజెన్‌నే పట్టుకుంటాయి కాబట్టి, క్రిములను మింగే మాక్రోఫేజ్‌లలో మిగిలిన శకలాలు సైతం బయటపడతాయి.

ప్రశ్న అడిగినవారు: మా ముక్కలు కుళ్లకుండా ఉంచే 10 శాతం ఫార్మలిన్‌లోకి ఆలస్యంగా చేరాయి కనుక, రెండో పద్ధతికే పంపుతాను.