ప్రసవం తర్వాత దిగులు: ముందు థైరాయిడ్ టెస్టా, డిప్రెషన్ వైద్యమా?

ప్రశ్న వేసినవారు:
మా చెల్లికి కాన్పయి మూడు నెలలు. బిడ్డ నిద్రపోయినా తనకు నిద్ర పట్టదు. గుండెదడ, ఊరికే చిరాకు, ఆ వెంటనే ఏడుపు. నిన్న "నేను తల్లిగా పనికిరానక్కా" అంది. ఒక డాక్టరు ముందు థైరాయిడ్ చూద్దాం అన్నారు. ఇంకొకరు ఇది డిప్రెషన్, మందులు మొదలుపెడదాం అన్నారు. ఇంట్లో కూడా రెండు జట్లయ్యాం. ఇది ఒంటి జబ్బా, మనసు జబ్బా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

ఇద్దరు పిల్లల తల్లి:
ముందు రక్తపరీక్షే అంటాను. రెండో కాన్పయ్యాక మూడో నెలలో నాకూ అచ్చం ఇలాగే. చేతులు వణికేవి, తింటున్నా బరువు తగ్గాను. చూసినవాళ్లందరూ టెన్షన్ అన్నారు. చివరికి థైరాయిడ్ గ్రంథి వాచిందని తేలింది. బాలింతల్లో దాదాపు 20 మందిలో ఒకరికి ఇది వస్తుంది. మొదటి నాలుగు నెలల్లో హార్మోన్ ఎక్కువై దడ, చిరాకు. ఆ తర్వాత అదే హార్మోన్ తగ్గిపోయి నీరసం, మబ్బు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం. చాలామందికి ఏడాది, ఏడాదిన్నరలో సర్దుకుంటుంది. ఏడుస్తున్న బాలింత కనబడగానే మనసు జబ్బని ముద్ర వేస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది.

పాత సభ్యురాలు:
నేను ఒప్పుకోనండీ. నా థైరాయిడ్, హిమోగ్లోబిన్, బి12 అన్నీ నార్మల్. "నీకేం లేదు, బిడ్డను చూసుకో" అని పంపేశారు. ఆ ఒక్క మాటతో ఐదు నెలలు పోయాయి. బిడ్డను ఎత్తుకుంటే ప్రేమ పుట్టేది కాదు, ఆ సంగతి చెప్పుకోవడానికి సిగ్గు. రక్తంలో డిప్రెషన్ కనబడదు కదా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో కాన్పయిన తల్లుల్లో దాదాపు 13 శాతం మందికి మానసిక సమస్య వస్తుంది, అందులో ఎక్కువ భాగం డిప్రెషనే. తక్కువమందికి వచ్చేదాన్ని వెతుకుతూ ఇంతమందికి వచ్చేదాన్ని పక్కన పెడతారా?

ప్రసూతి వార్డు నర్సు:
ఇద్దరి అనుభవమూ నిజమే, కానీ ఒకటి అయ్యాకే ఇంకొకటి అని ఎందుకు? రక్తం తీసిన రోజే డిప్రెషన్ గురించీ అడగొచ్చు. అందుకు ఎడిన్‌బరో స్కేల్ అనే ప్రశ్నల జాబితా 1987లో వచ్చింది. గడిచిన ఏడు రోజులు ఎలా ఉన్నారని పది ప్రశ్నలు, మొత్తం 30 మార్కులు. 13, అంతకన్నా ఎక్కువ వస్తే డిప్రెషన్ ఉండే అవకాశం ఎక్కువ. అది జబ్బును నిర్ధారించదు, డాక్టరు ఎవరితో కూర్చుని మాట్లాడాలో చూపిస్తుంది. పదో ప్రశ్న తనకు తాను హాని చేసుకోవాలనిపించిందా అన్నది. దానికి అవునంటే మార్కులు ఎన్నైనా సరే, ఆ రోజే డాక్టరుకు చూపించాలి.

రోజుల లెక్క కూడా చూడాలి. కాన్పయిన మూడు నాలుగు రోజులకు వచ్చే ఏడుపు సగానికి పైగా తల్లుల్లో ఉంటుంది, రెండు వారాల్లో పోతుంది. మీ చెల్లిది అది కాదు. మొదటి వారాల్లో పొంతన లేని మాటలు, లేనివి వినబడటం ఉంటే సైకోసిస్. వెయ్యిలో ఒకరిద్దరికి వస్తుంది, క్షణం ఆగకూడదు. కాన్పులో రక్తం బాగా పోయినవారికి పాలు పడకపోయినా, నెలసరి తిరిగి రాకపోయినా మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి దెబ్బతిందేమో చూడాలి. 1937లో షీహన్ అనే వైద్యుడు వర్ణించిన జబ్బు అది. అలా నీరసంగా పడుకున్న మనిషిని బద్ధకం అంటారు, వింటే నాకు కడుపు తరుక్కుపోతుంది.

బాలింతల సంగతే కాదు. పక్షవాతం వచ్చినవారిలో సుమారు మూడో వంతు మందికి డిప్రెషన్ వస్తుంది. "అంత జబ్బు చేస్తే దిగులుండదా" అని వదిలేస్తాం. కాలు ఎందుకు విరిగిందో తెలిసినా కట్టు కడతాం కదా.

కొత్త తండ్రి:
పాలిచ్చే తల్లి డిప్రెషన్ మాత్రలు వేసుకోవచ్చా? మా ఇంట్లో ఆ భయంతోనే ఆగాం.

ప్రసూతి వార్డు నర్సు:
సెర్ట్రాలిన్ లాంటివి పాలలోకి చాలా తక్కువ వెళ్తాయి, అందుకే డాక్టర్లు తరచూ దాన్ని ఎంచుకుంటారు. ఆమెకు గానీ, దగ్గరి రక్తసంబంధీకులకు గానీ బైపోలార్ (కొన్నాళ్లు అతి ఉత్సాహం, కొన్నాళ్లు కుంగుబాటు ఉండే జబ్బు) ఉంటే ముందే చెప్పండి, మందు మార్చాల్సి రావచ్చు. కుంగుబాటు తేలికగా ఉంటే కౌన్సెలింగే సరిపోవచ్చు.

ఇద్దరు పిల్లల తల్లి:
పది ప్రశ్నలు అడగడానికి నాకు అభ్యంతరం లేదు. థైరాయిడ్ చూడకుండానే డిప్రెషన్ అని తేల్చేయడానికే అభ్యంతరం.

పాత సభ్యురాలు:
రిపోర్టు బాగుంటే ఏం లేదని తేల్చేయడానికి నాకూ అంతే.

ప్రశ్న వేసినవారు:
ఇందాక తనతో కూర్చుని ఆ పది ప్రశ్నలూ అడిగాను. మొత్తం 17 వచ్చాయి. పదోదాని దగ్గర చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత "అప్పుడప్పుడూ, అక్కా" అంది. బిడ్డను అమ్మకు అప్పజెప్పి ఇప్పుడే సైకియాట్రిస్ట్ దగ్గరికి బయల్దేరుతున్నాం. థైరాయిడ్‌కు రక్తం కూడా ఇవాళే ఇప్పిస్తాను.