బైపీసీ తరువాత కెమిస్ట్రీ మేజరా, బయోకెమిస్ట్రీ మేజరా?

అనకాపల్లి తండ్రి:
మా అమ్మాయి బైపీసీ పూర్తిచేసింది. నీట్‌లో సీటు రాలేదు, మళ్లీ రాయనని తేల్చి చెప్పింది. మన రాష్ట్రంలో 2023-24 నుంచి డిగ్రీకి ఒకటే మేజరు (ప్రధాన సబ్జెక్టు) కాబట్టి, పూర్వంలా మూడు సబ్జెక్టులూ సమానంగా చదువుతూ ఆలోచించుకునే వీలు లేదు. తాను బయోకెమిస్ట్రీ అంటోంది, నేను కెమిస్ట్రీ అంటున్నాను. తెలిసినవారు చెప్పగలరు.

పరవాడ క్యూసీ:
మీ మాటే సరైనదండీ. పరవాడ ఫార్మా సిటీలో మందుల నాణ్యత పరీక్షించే (క్యూసీ) మా ల్యాబులో ముడిసరుకులో తేమను కార్ల్ ఫిషర్ టైట్రేషన్‌తో చూడటం, మిశ్రమంలోని పదార్థాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ యంత్రంలో మలినాల పీకులు (గ్రాఫులో లేచే శిఖరాలు) లెక్కకట్టడం, ఇదే రోజంతా పని, ఇదంతా కెమిస్ట్రీయే. పైగా ఇంటర్‌లో బయోకెమిస్ట్రీ అనే సబ్జెక్టే లేదు గనుక ఆ పేరుతో జూనియర్ లెక్చరర్ పోస్టు ఉండదు. కెమిస్ట్రీ ఎంపీసీకీ, బైపీసీకీ కూడా కావాలి.

ఎమ్మెస్సీ బయోకెమ్:
క్యూసీ గారు లెక్కల సంగతి మరచిపోయారు. ఇంటర్‌లో గణితం వదిలేసిన పిల్లలు ఫిజికల్ కెమిస్ట్రీలో అవకలనం, సమాకలనం (కాల్‌క్యులస్) ఎదురైనప్పుడు పడే అవస్థ నేను దగ్గరుండి చూశాను. ఎంజైముల వేగం లెక్కించే లైన్‌వీవర్-బర్క్ గీతకైతే సరళరేఖ సమీకరణం తెలిస్తే చాలు. టీకాల తయారీ, ఆసుపత్రి ల్యాబులు కూడా ఉద్యోగాలే. ఇష్టమైన సబ్జెక్టును వదిలించి మూడేళ్లు చదివించడం ఏం న్యాయం?

రిటైర్డ్ లెక్చరర్:
లెక్కల భయం నిజమే, కానీ దాన్ని మొదటి ఏడాదిలో దాటవచ్చు. కెమిస్ట్రీ పునాది లేని లోటు మాత్రం తరువాత పూడదు. భీమవరంలో పుట్టిన జీవరసాయన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు తోటి పరిశోధకుడు ఫిస్కేతో కలిసి 1925లో ప్రకటించిన, ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతినే చూడండి: పరీక్షనాళికలో తేలే ఆ నీలిరంగు మాలిబ్డేటు క్షయకరణం వల్ల వచ్చేది. జీవరసాయనమని మనం చెప్పుకునేదానికి అడుగున ఉన్నది రసాయనమే. పీజీ చదువులకు రాసే గేట్ పరీక్ష లైఫ్ సైన్సెస్ పేపరులో బయోకెమిస్ట్రీ ఐచ్ఛికం, కెమిస్ట్రీ తప్పనిసరి. నన్నడిగితే మేజరు కెమిస్ట్రీ, మైనరు (దానికి తోడుగా చదివే చిన్న సబ్జెక్టు) బయోకెమిస్ట్రీ. అయితే చేర్చే ముందు ల్యాబు చూడండి. నేను పనిచేసిన ఒక కళాశాలలో ద్రావణం రంగు గాఢతను కొలిచే కలరీమీటరు బల్బు మాడిపోతే, ఆ ఏడాదంతా పిల్లలు పాత రికార్డులలోని రీడింగులే ఎక్కించుకున్నారు.

ఎమ్మెస్సీ బయోకెమ్:
మాస్టారూ, ఆ తప్పనిసరి కెమిస్ట్రీ 25 మార్కులే. బయోకెమిస్ట్రీ లాంటి, మనం ఎంచుకునే రెండు విభాగాలకు కలిపి 60. మైనరు మాటకు మాత్రం నేనూ ఒప్పుకుంటాను.

అనకాపల్లి తండ్రి:
అమ్మాయికి చదివి వినిపించాను. మేజరు, మైనరు ఆ వరుసలో ఉంటే తనకు సమ్మతమేనట. ఆ రెండూ కలిపి ఇచ్చే కళాశాల, రోజూ బస్సులో వెళ్లి రాగలిగే దూరంలో, ఎవరికైనా తెలుసా?