‘శిథిలబంధనాత్’: ఇక్కడ శిథిలం అంటే ఏమిటి?

నల్లగొండ పాఠకుడు:
తాళపత్రాల చివర లేఖకులు రాసిపెట్టే ఈ శ్లోకం చాలామందికి తెలిసిందే.

తైలాద్రక్షేజ్జలాద్రక్షేద్
రక్షేచ్ఛిథిలబంధనాత్
మూర్ఖహస్తే న దాతవ్యమ్
ఏవం వదతి పుస్తకమ్

యూనివర్సిటీ లైబ్రరీలో రాతప్రతుల గదికి పెట్టే బోర్డు కోసం దీని తెలుగు అర్థం కావాలి. దొరికిన తాత్పర్యాల్లో ఒకటి ‘శిథిలమైన కట్టడాల నుంచి కాపాడాలి’ అంటుంది. ఇంకొకటి ‘పాడైపోయిన బైండింగు’ అంటుంది. ఏది సరైనది? ఇంకో అనుమానం కూడా ఉంది. నూనె నుంచి కాపాడమని పుస్తకమే మొత్తుకుంటుంటే తాళపత్రాలకు నూనె ఎందుకు రాస్తున్నారు?

గద్వాల సంస్కృతం:
రెండు తాత్పర్యాలూ తప్పే. సంస్కృతంలో శిథిలానికి మొదటి అర్థం వదులైనది, సడలినది. శిథిలబంధనం అంటే వదులుగా ఉన్న కట్టు, అంతే. పాడుబడటం అనేది ఆ తర్వాత పెరిగిన అర్థం. కీళ్లు సడలిన ఇల్లు నిలవదు కాబట్టి మాట అటు జరిగింది. శిథిలాలయం, శిథిలావస్థ అని వాడీ వాడీ తెలుగులో మనకు ఆ రెండో అర్థమే మిగిలింది. అయినా మొదటిది పూర్తిగా పోలేదు. ఛందస్సు చదివినవాళ్లకు ‘శిథిలద్విత్వం’ తెలుసు. అద్రుచు, విద్రుచు లాంటి మాటల్లో సంయుక్తాక్షరాన్ని ఊది పలకకుండా తేల్చి పలికితే ముందరి అక్షరం లఘువుగానే ఉండిపోతుంది. అక్కడ శిథిలమంటే పాడుబడిన ద్విత్వం కాదు కదా, సడలించి పలికిన ద్విత్వం.

సంధి దగ్గర కూడా జాగ్రత్త. రక్షేత్ + శిథిల అన్నప్పుడు తకారానికి శకారం పరమై ‘చ్ఛ’ అవుతుంది. దాన్ని విడదీయడం రాక ‘ఛిథిల’ అని వేరే మాటలాగా అచ్చువేసినవాళ్లున్నారు. బోర్డు మీద సంధి విప్పి రాస్తే ‘రక్షేత్ శిథిలబంధనాత్’ అనండి, కలిపి రాస్తే పైన ఉన్నట్టు రాయండి. రెంటినీ కలగలపవద్దు.

పాలమూరు మాట:
సార్, మన దిక్కు ‘దారం డీలగున్నది, బిర్రుగ కట్టు’ అంటరు గద. ఆ డీల, ‘డీలా పడ్డడు’లో డీలా, హిందీల ఢీలా అన్నీ ఒక్క కుదురే. హిందీ నిఘంటువులు ఢీలాను శిథిల నుంచే తీస్తయి, నడుమ ప్రాకృతంల ‘సిఢిల’ ఉన్నది. అంటే శ్లోకంలున్న అసలు అర్థం పుస్తకాల తెలుగుల కంటె మన ఇండ్లల్లనే బతికున్నది. బోర్డు మీద ‘వదులు’ అని రాస్తరో ‘డీల’ అని రాస్తరో మీ ఇష్టం. ‘శిథిలం’ మాత్రం రాయకుండ్రి, చదివినోళ్లు మళ్ల పాత గుడి దిక్కే పోతరు.

రాతప్రతుల పని:
అర్థం తేలింది కాబట్టి అది ఎందుకంత ముఖ్యమో చెప్పాలి. నీళ్లు, నూనె సరసన లేఖకుడు వదులు కట్టును ఊరికే పెట్టలేదు.

తాటాకును ఈనె తీసి, ఉడకబెట్టి, ఆరబెట్టి, బరువు కింద చదును చేసి రాతకు సిద్ధం చేస్తారు. ఎంత చదును చేసినా ఆకు ఆకే. గాలిలో తేమ పెరిగితే ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. మన దగ్గర మే నెల ఎండకూ జూలై ముసురుకూ మధ్య ఎంత తేడానో చెప్పనక్కర్లేదు. పైనా కిందా చెక్కల మధ్య సమానంగా నొక్కి ఉంచితే ఆకులన్నీ ఒకే తీరున కదిలి మళ్లీ చదునుకు వస్తాయి. కట్టు వదులైతే ఏ ఆకుకు ఆ ఆకు మెలితిరుగుతుంది. ఒకసారి మెలితిరిగిన ఎండు ఆకును బలవంతాన చదును చేయబోతే నారల వెంట నిలువునా చీలుతుంది.

రెండో నష్టం ఇంతకన్నా పెద్దది. వదులు కట్టలో ఆకులు ముందుకూ వెనక్కూ జారి, అంచులు చెక్కల బయటికి పొడుచుకొస్తాయి. చేయి తగిలిన ప్రతిసారీ అంచు కొంచెం విరుగుతుంది. ఆకు సంఖ్య ఉండేది సరిగ్గా అక్కడే. దక్షిణాది ప్రతుల్లో సంఖ్యను సాధారణంగా ఆకు ముందువైపు ఎడమ అంచులో ౧, ౨, ౩ అని గీస్తారు. అక్షరం కంటే ముందు అంకె పోతుంది. ఒకే కట్టలో రెండు మూడు గ్రంథాలుండి, ప్రతిదానికీ సంఖ్య మళ్లీ ఒకటి నుంచి మొదలైతే, అంకెలు పోయి దారం ఊడిన కట్టను వరసపెట్టడానికి పద్యాల అనుసంధానం తప్ప ఆధారం ఉండదు. నెలలు పట్టే పని అది.

అసలు గ్రంథం అన్న మాట ధాతువుకే కట్టడం, గుచ్చడం అని అర్థం. గ్రంథి అంటే ముడి, సూత్రం అంటే దారం. కట్టు ఊడితే అది గ్రంథమే కాదు.

నల్లగొండ పాఠకుడు:
అయితే బిర్రుగా కట్టాలి. ఎంత బిర్రుగా? రంధ్రంలో దారాన్ని లాగి కడితే చిల్లు కోసుకుపోదా?

రాతప్రతుల పని:
మంచి ప్రశ్న. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. తాళపత్రానికి కట్లు రెండు. ఒకటి ఆకుల చిల్లుల్లోంచి పోయే దారం, రెండోది చెక్కల చుట్టూ తిప్పే కట్టు. లోపలి దారం పని వరస తప్పకుండా చూడటమే, నొక్కిపట్టడం కాదు. అది వదులుగానే ఉండాలి, లేకపోతే చదవడానికి ఆకు తిప్పలేం. దాన్ని లాగి బిగిస్తే చిల్లు అంచు నుంచి పక్కనున్న పంక్తిలోకి చీలిక పోతుంది. ఆకులను నొక్కిపట్టేది బయటి కట్టు.

కట్ట నాలుగు సెంటీమీటర్ల మందం ఉంటే దారం సుమారు మీటరు తీసుకోండి. ఆకులు విప్పి తిప్పడానికి ఒక జానెడు వదులు పోగా, మిగిలినదాన్ని చదవడం అయ్యాక చెక్కల చుట్టూ తిప్పొచ్చు. మెత్తటి నూలు దారమే వాడాలి. నైలాన్ కోస్తుంది, సుతిలి పీచు ఆకును గీకుతుంది. రబ్బరు బ్యాండు అసలు వద్దు. రెండు ఎండాకాలాలు గడిస్తే కరిగి ఆకుకు అంటుకుంటుంది, ఊడదీస్తే పైపొర లేచి వస్తుంది. దారం గుచ్చడానికి ఇనుప సూది వద్దు, కొసను సన్నగా పేని దూర్చండి.

చెక్క అన్ని వైపులా ఆకు కంటే అర సెంటీమీటరైనా పెద్దదిగా ఉండాలి. చెక్క లేకుండా బిర్రుగా కడితే దారం పడ్డచోట ఆకులు నొక్కుకుని, కొసలు పైకి లేచి, కట్ట విల్లులా వంగుతుంది. ఆ పైన రంగు దిగని నూలు బట్ట చుట్టి జారుముడి వేయండి. పీటముడి వేస్తే విప్పలేక కత్తెర పెడతారు. మే నెల ఎండుకు సరిపడా బిగించిన కట్టు వానాకాలం ఉబ్బుకు మరీ బిగుసుకుంటుంది, వానల్లో కట్టింది ఎండల్లో సడలుతుంది. అందుకే ఏడాదికి రెండుసార్లు, ఎండలు ముదరకముందు ఒకసారి, ముసురు పట్టాక ఒకసారి కట్టు చూసుకోవాలి.

ఆలంపురం:
నూనె సంగతి నేను చెబుతాను. శ్లోకం భయపడేది దీపం నూనెకు. రాత్రిళ్లు ప్రమిద పక్కన పెట్టుకుని చదివే కాలం అది. ఆముదం, నువ్వుల నూనె ఆవిరి కావు. ఆకులోకి ఇంకి, గాలికి చిక్కబడి జిగురుగా మారతాయి. దుమ్ము పట్టి, రెండు ఆకులు అతుక్కుని, పురుగుకు విందవుతుంది. కాగితం ప్రతికైతే ఏ నూనె చుక్క పడ్డా ఆ మచ్చ పోదు.

లైబ్రరీలో వాడే నిమ్మగడ్డి నూనె, సిట్రొనెల్లా నూనె ఆ జాతివి కావు, ఆవిరైపోయేవి. పెళుసెక్కిన ఆకుకు కొంత మెత్తదనం ఇస్తాయి, వాసనకు పురుగు దూరంగా ఉంటుంది. బజారు సరుకులో చవక నూనె కలిపితే మాత్రం శ్లోకం చెప్పిన ప్రమాదమే. తెల్లటి వడపోత కాగితం మీద ఒక చుక్క వేసి రాత్రంతా ఉంచండి. జిడ్డు మరక మిగిలితే ఆ సీసా పక్కన పెట్టేయండి. మంచి నూనెనైనా దూదికి తడి తగిలీ తగలనట్టు అద్ది, ఆకు పొడవు వెంటే తుడవాలి, అడ్డంగా కాదు. నీడలో ఆరాకే కట్టాలి. గంటంతో గీసి మసి దిద్దిన ఆకుకే ఇది పనికొస్తుంది. సిరాతో రాసిన ఆకైతే ముందు ఒక మూల చూసుకోవాలి, సిరా కదిలితే ఆపేయాలి. ఆకు మెత్తగా ఉంటే అసలు రాయనే వద్దు. ఏటా మొక్కుబడిగా పూసిన కట్టలు నల్లబడి, అక్షరానికీ ఆకుకూ తేడా తెలియకుండా పోతాయి.

గద్వాల సంస్కృతం:
‘అగ్నే రక్షేజ్జలాద్రక్షేన్మూషకేభ్యో విశేషతః’ అనే పాఠం కూడా ఉంది. అక్కడ నిప్పు, నీళ్లు, అన్నిటికంటే ముఖ్యంగా ఎలుకలు. మీ గదిలో ఎలుకల బెడద ఉంటే ఆ పాదం పెట్టుకోండి.

ఇంకో చిన్న మాట. ‘రక్షేత్’ అంటే ‘నన్ను కాపాడు’ కాదు, ‘కాపాడాలి’. శ్లోకంలో ‘మాం’ లేదు. ‘వదతి పుస్తకం’ ఉంది కదా అని తెలుగులో ‘నన్ను’ చేర్చేస్తుంటారు. వినడానికి ముద్దుగా ఉంటుంది గానీ మూలంలో లేదు.

నల్లగొండ పాఠకుడు:
అయితే ఇలా రాయవచ్చా? ‘నూనె తగలనీయకండి. నీళ్లు తగలనీయకండి. కట్టు వదులు కానీయకండి. మూర్ఖుడి చేతికి ఇవ్వకండి. పుస్తకం చెప్పే మాట ఇది.’

పాలమూరు మాట:
మూడు మాటలు మంచిగున్నయి. నాలుగోది బోర్డు మీద పెడితే చదవనీకె వచ్చిన పిల్లగాడు నన్నే అంటున్నరనుకుంటడు. ‘పట్టుకునుడు తెల్వని చేతికి ఇయ్యకుండ్రి’ అంటే సరిపోతది. దబ్బున లాగెటోడు, తడి చేతులతోని ముట్టెటోడే ఇక్కడ మూర్ఖుడు.

గద్వాల సంస్కృతం:
ఒప్పుకుంటాను. దాతవ్యం అంటే ఇవ్వదగినది. ఎవరికి ఇవ్వదగదో పట్టుకునే తీరే చెబుతుంది.

రాతప్రతుల పని:
బోర్డును గది తలుపుకు కాకుండా చదివే బల్ల ఎదుట పెట్టండి. కట్టు విప్పేదీ మళ్లీ కట్టేదీ అక్కడే. పక్కన ఖాళీ చెక్కలు రెండు, నూలు దారం ఒక మీటరు పెట్టి, జారుముడి వేసి చూపించండి.