అప్‌డేట్: దాసన్నపేటలో చూసిన రాజ్‌దూత్ 350 సంగతి

విజయనగరం దాసన్నపేటలో ఒకాయన తన బండి జపాన్‌లో చేసిన యమహా ఆర్‌డి 350 అంటూ ఎక్కువ రేటు చెబుతున్నారు, కొనొచ్చా అని పోయిన నెల అడిగాను కదా. మీరు చెప్పినట్టే ముందు బ్రేకు చూశాను. డ్రమ్ము! 1970లలో జపాన్‌లో చేసిన ఆర్‌డి 350బికి ముందు డిస్కు ఉండేది, 39 హార్స్‌పవర్. అదే బండిని మన దగ్గర ఎస్కార్ట్స్ వాళ్లు 1983 నుంచి రాజ్‌దూత్ 350 పేరుతో చేశారు, దానికి రెండు చక్రాలకీ డ్రమ్ములే. మైలేజీ కోసం పవరు కూడా తగ్గించారు. ఇందులో మొదట వచ్చిన హైటార్క్ రకానికి 30.5 హార్స్‌పవర్, తర్వాత వచ్చిన లోటార్క్ రకానికి 27. హైటార్క్‌కి ఇప్పటికీ గిరాకీ ఎక్కువ అందుకే.

పోనీ హైటార్క్ రేటుకైనా తీసుకుందామని, కోట దగ్గర షెడ్డులో టూస్ట్రోక్ బళ్లు బాగుచేసే మా మావయ్యని తీసుకెళ్లాను. ఆయన కిరోసిన్ గుడ్డతో ఇంజిన్ మీది జిడ్డు తుడిచి నంబరు చదివారు. ఆర్‌సీలో ఉన్నదానితో చివరి రెండు అంకెలు కలవలేదు. ప్రాణం ఉసూరుమంది. ట్యాంకు, సైలెన్సర్లు అన్నీ ఒరిజినలే. రెండో కిక్కుకే అందుకుంది, ఆ శబ్దం ఇంకా చెవుల్లోనే ఉంది.

వదిలేశాను. శ్రీకాకుళంలో ఒక లోటార్క్ ఉందట, కాగితాలు సరిగ్గా ఉన్నాయంటున్నారు. ఆదివారం మావయ్య, నేను వెళ్తున్నాం.