విదేశాంగం, వాణిజ్యం ఒకే శాఖ కిందకు రావాలా?

ఛత్రపురం రొయ్యల రైతు:
ఆస్ట్రేలియాలో 1987 నుంచి ఈ రెండూ ఒకటే శాఖ. మన దగ్గర శాఖలు వేరు, మంత్రులు వేరు. కలపాలనే నేనంటాను. 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచింది కదా, అందులో సగం మనం రష్యా చమురు కొంటున్నామని వేసింది. చమురు గొడవ విదేశాంగం వాళ్లది, సుంకం గురించి మాట్లాడటానికి వెళ్లేది వాణిజ్యం వాళ్లు, దెబ్బ మాత్రం ఒడిశాలో మన గంజాం జిల్లా చెరువుల మీద, ఎందుకంటే మన రొయ్యలు ఎక్కువగా పోయేది అమెరికాకే. పట్టుబడికి వచ్చిన చెరువు వాళ్ల సమావేశాల కోసం ఆగదు.

బరంపురం అక్క:
తమ్ముడూ, మా పుట్టింటి వాళ్లకీ చెరువుంది, నీ బాధ తెలుసు. అయినా ఒప్పుకోను. మా మరిది గల్ఫ్ వెళ్తే యజమాని పాస్‌పోర్టు లాక్కుని ఏడు నెలలు జీతం ఇవ్వలేదు. విదేశాల్లో ఇబ్బంది పడేవాళ్ల కోసం విదేశాంగం నడిపే మదద్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టి రోజూ ఫోన్లు చేశాం, ఆ టెన్షన్‌తో మా అత్తగారు మంచం పట్టారు. ఆంధ్ర వాళ్లకు ప్రవాసుల కోసం వాళ్ల ప్రభుత్వం పెట్టిన ఏపీఎన్‌ఆర్‌టీ సంస్థ ఉంది, మనం ఇంట్లో తెలుగే మాట్లాడినా పాస్‌పోర్టులో ఉన్నది ఒడిశా అడ్రస్, కాబట్టి రాయబార కార్యాలయమే దిక్కు. ప్రవాసుల కోసం 2004లో విడిగా పెట్టిన మంత్రిత్వ శాఖను 2016లో విదేశాంగంలో కలిపేశారు. ఇప్పుడు వాణిజ్యమూ అక్కడికే వస్తే, ఒక దేశంతో ఒప్పందం కుదర్చాల్సిన అధికారి అదే దేశంలో జీతం ఎగ్గొట్టిన యజమానిని గట్టిగా నిలదీస్తాడా?

పర్లాకిమిడి మాస్టారు:
కెనడా 1982లో కలిపింది, 2003లో విడదీసింది, 2006లో మళ్లీ కలిపింది. ముందు ఎందుకు విడదీశారో చూసి మాట్లాడుకుందాం.

ఛత్రపురం రొయ్యల రైతు:
అక్కా, మీ మరిది సంగతి చదివాక కాసేపు ఏమీ రాయలేకపోయాను. కానీ ఒకటి, ఒప్పందం కుదర్చేవాళ్ల దగ్గరే కదా బేరమాడే బలం ఉండేది? జీతాల మాట కూడా ఆ బేరంలోనే పెట్టమని అడగొచ్చు.

బరంపురం అక్క:
అడగొచ్చు, పెడతారని ఎవరు రాసిస్తారు? కలపాలనుకుంటే ముందు గల్ఫ్‌లోని ప్రతి రాయబార కార్యాలయంలో కార్మికుల పని తప్ప ఇంకేదీ చూడని అధికారి ఉండాలి, ఆ మనిషిని ఒప్పందాల పనికి వాడకూడదని రూల్ పెట్టాలి. అప్పుడు నేనూ నీ వైపే. మా మరిది ఇంటికొచ్చేశాడు తమ్ముడూ, ఆ ఏడు నెలల జీతం మాత్రం ఇంకా రాలేదు.