పదహారేళ్ల మేనల్లుణ్ని బూట్ క్యాంపుకు పంపుడు కరెక్టేనా?

హన్మకొండ_మామ:
మా అక్క కొడుకు. టెన్త్ దాకా క్లాసుల ఫస్టు. జూన్‌ల హైదరాబాద్‌ల ఒక రెసిడెన్షియల్ కాలేజిల ఎంపీసీల ఏసిన్రు. దసరా సెలవులకు వచ్చినోడు మళ్ల పోలే. రాత్రంత ఫోను, పగలంత పండుడు. ఏమన్న అంటే చేతికి దొరికింది ఇసిరికొడ్తడు. మొన్న బావ ఫోన్ గుంజుకుంటే టీవీ పగలగొట్టిండు, అడ్డమొచ్చిన అక్క చెయ్యి మెలిపెట్టిండు. షాపు గల్లాల పైసలు గూడ పోతున్నయ్. చౌరస్తాల అందరికీ తెలిసిన బట్టల షాపు మాది, ఇజ్జత్ పోతదని బావ ఎవ్వలకు చెప్తలేడు.

ఇప్పుడు యూట్యూబ్‌ల చూసి ఒక క్యాంపుకు అడ్వాన్స్ కట్టిండు. రెండు నెలలు. మిలిటరీ డ్రెస్సు, గుండు, పొద్దుగాల అయిదింటికి ఉరుకుడు. మొదటి నెల తల్లిదండ్రులు ఫోన్ గూడ చెయ్యొద్దట. "పిల్లగానికి ముందుగాల చెప్పకున్రి, రాత్రిపూట మా బండి వచ్చి తీస్కపోతది" అన్నరట. అక్క ఏడుస్తుంది. నడుమ నేను ఇరుక్కున్న. మీరేమంటరు?

పరకాల_అమ్మ:
పంపున్రి తమ్మీ. ఇంట్ల కొడుకు చెయ్యి లేపితే ఎట్లుంటదో పడ్డోళ్లకే తెలుస్తది. ఇప్పుడు అందరొచ్చి కౌన్సిలింగ్, కౌన్సిలింగ్ అంటరు. గదిలకెళ్లి బయటికి రానోణ్ని కౌన్సిలింగ్‌కు ఎవలు తీస్కపోతరు? మా పెద్దోణ్ని నేను పంపిన, వేరే క్యాంపే. ఆ రెండు నెలలు మా చిన్నది తలుపుకు గొళ్లెం పెట్టుకోకుండ నిద్రపోయింది.

వడ్డేపల్లి_కట్ట:
అంత ఖర్చెందుకు, సైనిక్ స్కూల్ల ఎయ్యున్రి. మన దగ్గర్నే అశోక్‌నగర్‌ల ఉన్నది, కరీంనగర్ దిక్కు రుక్మాపూర్‌ల ఉన్నది.

కాజీపేట_హవల్దార్:
వడ్డేపల్లి తమ్మీ, అవి గురుకుల సైనిక్ స్కూళ్లు. పరీక్ష రాసి, సెలక్టయి, మంచిగ చదువుకుందామని వచ్చే పిల్లలవి. మొండికేసినోళ్లను పడేసే జాగ కాదు. ఇగ క్యాంపు సంగతి. మేము గూడ ఆర్మీల రిక్రూట్లను మస్తు గదమాయించినం. కానీ వాడు ర్యాలీల ఉరికి, మెడికల్ పాసయి, కోరుకోని వచ్చినోడు. అయినా ట్రైనింగ్ సెంటర్ల డాక్టర్ ఉంటడు, పైన ఆఫీసర్ ఉంటడు, దెబ్బ తాకితే జవాబు చెప్పాలె. డ్రెస్సు కుట్టిచ్చుకున్న ప్రతోడు ఉస్తాద్ కాడు. పోరనికి ఉరుకుడే మందైతే పొద్దుగాల జేఎన్‌ఎస్ గ్రౌండుకు పంపున్రి, నేను ఉరికిస్త. పైస వద్దు.

నక్కలగుట్ట_టీచర్:
ఈ పద్ధతి అమెరికాలో పుట్టింది. 1983లో జార్జియా, ఓక్లహోమా రాష్ట్రాల్లో పెద్ద ఖైదీల కోసం మొదలుపెట్టి, తర్వాత పిల్లల మీదికి తెచ్చారు. గదమాయింపుతో పిల్లలు మారతారన్న నమ్మకం నిలబడలేదు. భయపెట్టే కార్యక్రమాలు పనిచేయవనీ, కొన్నిసార్లు సమస్యను పెంచుతాయనీ అక్కడి జాతీయ ఆరోగ్య సంస్థలు వేసిన నిపుణుల బృందం 2004లో తేల్చింది. 2006 జనవరిలో ఫ్లోరిడాలో మార్టిన్ లీ ఆండర్సన్ అనే పద్నాలుగేళ్ల పిల్లాడు క్యాంపులో చేరిన మొదటి రోజే పరుగు మధ్యలో ఆగిపోయాడు. నాటకమాడుతున్నాడని గార్డులు పట్టి కొట్టారు, పక్కన నర్సు నిలబడి చూసింది. అంతా వీడియోలో ఉంది. మర్నాడు చనిపోయాడు. ఆ రాష్ట్రం అదే ఏడాది ఆ క్యాంపులను ఎత్తేసింది.

వడ్డేపల్లి_కట్ట:
అవి కోర్టులు పంపిన నేరస్తుల క్యాంపులు టీచరమ్మా. ఇది తల్లిదండ్రులు పైసలు కట్టి పంపేది. రెంటికీ పోలికేంది?

నక్కలగుట్ట_టీచర్:
సరే, తల్లిదండ్రులే పంపినవి చూద్దాం. చైనాలో ఇంటర్నెట్ వ్యసనం మాన్పిస్తామని క్యాంపులు వెలిశాయి. 2009 ఆగస్టులో గ్వాంగ్‌షీలో ఒక అబ్బాయిని అమ్మానాన్నలు చేర్పించి వచ్చారు, ఒక రోజు గడవకముందే దెబ్బలకు చనిపోయాడు. ఈ వ్యసనానికి కరెంటు షాకులిచ్చే చికిత్సను అక్కడి ఆరోగ్య శాఖ ఆపించింది కూడా ఆ ఏడే. అమెరికాలోనూ ప్రైవేటు క్యాంపుల మీద వేలకొద్దీ ఆరోపణలున్నాయని, పది మరణాలను దగ్గరగా పరిశీలించామని 2007లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థే చెప్పింది.

అయినా నాకు వేరే దేశాల కంటే మామగారు రాసిన ఒక్క మాట దగ్గరే మనసు ఆగింది. పిల్లాడు దసరాకు వచ్చి మళ్లీ పోలేదు. జూన్ నుంచి దసరా దాకా ఆ హాస్టల్లో ఏం జరిగిందో ఎవరైనా అడిగారా? ర్యాగింగా, కొట్టారా, ర్యాంకుల సెక్షన్ మార్చి అవమానించారా, నిద్ర పట్టడం లేదా, ఇంకేమన్నానా? ఒక హాస్టల్ నుంచి పారిపోయి వచ్చినవాణ్ని రాత్రికి రాత్రి ఎత్తుకెళ్లి ఇంకో హాస్టల్లో పడేస్తే, ఇంట్లోవాళ్లకు చెప్పుకోవాలన్న ఆశ కూడా పోతుంది.

పరకాల అక్కా, మీ ప్రశ్న న్యాయమైంది. వాడు రాకపోతే ముందు తల్లిదండ్రులే వెళ్లొచ్చు. వరంగల్ ఎంజీఎం ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అక్కడ ఎవరైనా చూస్తారని భయమైతే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ 14416కు చేయండి, 2022 నుంచి నడుస్తోంది, తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు. చెయ్యి లేపిన రోజు ఏం చేయాలో కూడా అడగండి. అక్క దెబ్బలు తింటూ ఓపిక పట్టాలని మాత్రం నేను అనను.

సుబేదారి_వకీల్:
మామగారూ, ఆ క్యాంపు చట్టం ముందు ఏమిటి? ఆస్పత్రా, పిల్లల సంరక్షణ గృహమా, బడా? రిజిస్ట్రేషన్ కాగితం అడగండి. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017 ప్రకారం మైనర్‌ను మానసిక ఆస్పత్రిలో చేర్చుకుంటే, ఉన్నన్నాళ్లూ ఇంటి తరఫు మనిషి ఒకరు పక్కనే ఉండాలి. బలవంతంగా గుండు కొట్టకూడదని కూడా ఆ చట్టంలో రాసి ఉంది. లైసెన్సున్న ఆస్పత్రికే ఇన్ని కట్టుబాట్లుంటే, నెల రోజులు ఫోన్ కూడా వద్దనే హక్కు వీళ్లకెక్కడిది? పిల్లల సంస్థ నడిపేవాళ్లు కొడితే జువెనైల్ జస్టిస్ చట్టం 2015, సెక్షన్ 75 కింద అయిదేళ్ల దాకా కఠిన శిక్ష, అయిదు లక్షల దాకా జరిమానా. డబ్బు ఇచ్చి పంపామని అది పోదు.

ములుగురోడ్_2005:
గల్లా పైసలు ఎటు పోతున్నయో ముందు చూడున్రి. గేములల్ల పెడ్తున్నడా, గంజాయా? రెంటికి దారి వేరే. మత్తుదైతే ఈగల్ (మునుపటి నార్కోటిక్స్ బ్యూరో) నంబర్ 1908.

కాజీపేట_హవల్దార్:
పరకాల చెల్లె, మీ పెద్దోడు ఇప్పుడెట్లున్నడు?

పరకాల_అమ్మ:
ఐటీఐకి పోతుండు. ఫోన్ తగ్గింది. మాతోని మాట గూడ తగ్గింది, ఆ క్యాంపు ముచ్చటెత్తితే లేచిపోతడు. అయినా చెయ్యి లేపుతలేడన్నా. నాకు అది తక్కువ కాదు. మీరు రాసినయన్ని చదివిన, పంపి తప్పు చేసిన అని మాత్రం అనిపిస్తలేదు. రాత్రిపూట బండి అన్నదొక్కటి నాకు నచ్చలే. మావోడికి నేను చెప్పే తోలిన.

హన్మకొండ_మామ:
వకీల్ సాబ్ చెప్పినట్టు ఫోన్ చేసి రిజిస్ట్రేషన్ కాగితం, డాక్టర్ పేరు అడిగిన. "నమ్మకం లేకపోతే పంపకున్రి" అని పెట్టేసిన్రు. స్పీకర్ల పెట్టిన, బావ ఇన్నడు. అక్క 14416కు చేసింది, సోమవారం ఇద్దరు ఎంజీఎంకు పోతరట. హాస్టల్ సంగతి నేను అడిగితే పోరడు "నువ్వు నాన్నకు చెప్పనంటే చెప్త" అన్నడు. ఏం చెప్తడో ఇంకా తెల్వది. బావ అయితే ఇంకా ఒప్పుకోలే, సోమవారం దాకా ఆగుత అన్నడు గంతే. అడ్వాన్స్ వాపసు వస్తదా మరి?

సుబేదారి_వకీల్:
రాతపూర్వకంగా, మెయిల్‌లో అడగండి. రసీదు, ఆ యూట్యూబ్ ప్రకటన స్క్రీన్‌షాట్ దాచండి. ఇవ్వం అంటే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెయ్యండి, ఆ తర్వాత జిల్లా వినియోగదారుల కమిషన్ ఉండనే ఉంది. పిల్లాడు చెప్పింది మాత్రం ఇక్కడ రాయకండి.